ప్రవేశ పరీక్షలకు ఇంగ్లీషు పదసంపద: జాబితాల కంఠస్థం కంటె సందర్భ జ్ఞానానికే మార్కులు

ఇంటర్మీడియట్ అనంతరం జాతీయస్థాయి విద్యాసంస్థల్లో చేరగోరే తెలుగు విద్యార్థులకు ఇంగ్లీషు పదజాలం ఒక ప్రత్యేక సమస్యగా పరిణమించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇంజనీరింగ్ ప్రవేశానికి నిర్వహించే ఇ.ఎ.పి.సెట్‌లో 160 ప్రశ్నలూ గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెందినవే. ఇంగ్లీషుపై ఒక్క ప్రశ్న కూడా ఉండదు. జె.ఇ.ఇ., నీట్ పరీక్షల్లోనూ ఇదే పరిస్థితి. ఫలితంగా ఇంటర్మీడియట్ రెండు సంవత్సరాలలో ఇంగ్లీషు "ఉత్తీర్ణులైతే చాలు" అనిపించుకొనే పాఠ్యాంశంగా మిగిలిపోతున్నది. న్యాయవిద్యకు క్లాట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ కోర్సులకు సి.యు.ఇ.టి., అమెరికా కళాశాలలకు శాట్ రాయదలచిన విద్యార్థికి ఈ లోటు పరీక్షకు కొద్ది నెలల ముందు తెలిసివస్తుంది. అప్పుడు చేతికి దొరికేది మూడువేల పైచిలుకు కఠిన పదాల జాబితా. దానిని అక్షరక్రమంలో బట్టీపట్టడం మొదలవుతుంది.

ఆ శ్రమలో అధికభాగం నిష్ఫలం. కారణం విద్యార్థి అశ్రద్ధ కాదు. జాబితాలు ఏ తరహా ప్రశ్నలకోసం తయారయ్యాయో ఆ ప్రశ్నలు పరీక్షల నుంచి చాలావరకు తొలగిపోయాయి.

మారిన పరీక్ష

పదజాల పరీక్షలో వచ్చిన మార్పునకు శాట్ చరిత్రే స్పష్టమైన ఉదాహరణ. 1926లో ప్రారంభమైన ఈ పరీక్షలో వ్యతిరేక పదాల ప్రశ్నలు దశాబ్దాలపాటు కొనసాగాయి. వాటిని 1994లో తొలగించారు. "తేనెటీగకు తుట్టె ఎటువంటిదో చీమకు పుట్ట అటువంటిది" అనే తరహాలో పదాల జంటలను పోల్చే అనాలజీ ప్రశ్నలు 2005లో నిష్క్రమించాయి. వాక్యంలోని ఖాళీని అరుదైన పదంతో పూరించే ప్రశ్నలు 2016లో అదే దారి పట్టాయి. 2023 మార్చిలో ఇతర దేశాలలోను, 2024 మార్చిలో అమెరికాలోను కంప్యూటర్ విధానానికి మారిన శాట్‌లో పఠన-లేఖన విభాగానికి 64 నిమిషాలలో 54 ప్రశ్నలు ఉంటాయి. ప్రతి ప్రశ్నకు 25 నుంచి 150 పదాల చిన్న గద్యభాగం జతపరుస్తారు. ఖాళీ పూరించే ప్రశ్న ఈ విధానంలో తిరిగి వచ్చినప్పటికీ దాని స్వభావం మారింది. సమాధానానికి కావలసిన ఆధారమంతా ఆ గద్యభాగంలోనే ఉంటుంది.

మనదేశంలో క్లాట్ కూడా ఇదే మార్గం అనుసరించింది. 2008లో ఆరంభమైన ఈ పరీక్షలో తొలి సంవత్సరాలలో పర్యాయపదాలు, జాతీయాలు, వ్యాకరణ దోషాలు విడివిడి ప్రశ్నలుగా వచ్చేవి. 2020 నుంచి పరీక్ష యావత్తూ గద్యభాగాలపై ఆధారపడింది. 2024 ప్రవేశాలకు జరిగిన పరీక్ష నుంచి 120 నిమిషాలకు 120 ప్రశ్నలు. ఇంగ్లీషు విభాగానికి 22 నుంచి 26 ప్రశ్నలు మాత్రమే కేటాయించారు. ఈ అంకెను చూచి పలువురు తల్లిదండ్రులు ఇంగ్లీషు ప్రాధాన్యం స్వల్పమని భావించడం కద్దు. ఇది పొరపాటు. పరీక్ష ఇంగ్లీషులోనే జరుగుతుంది. న్యాయ తర్కం, సమకాలీన అంశాలు, తార్కిక వివేచన విభాగాలన్నీ సుమారు 450 పదాల ఇంగ్లీషు గద్యభాగాలతోనే కూడి ఉంటాయి. హైదరాబాద్‌లోని నల్సార్‌లోనో, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోనో సీటు ఆశించే విద్యార్థికి న్యాయసూత్రం అవగతమైనప్పటికీ, గద్యంలోని ఒక్క క్రియాపదం అర్థంకాక సమాధానం తారుమారయ్యే ప్రమాదం ప్రతి విభాగంలోనూ పొంచి ఉన్నది.

సి.యు.ఇ.టి. పరిస్థితి కొంత భిన్నం. 2022లో ప్రవేశపెట్టిన ఈ పరీక్షను తెలుగుతో సహా 13 భాషలలో రాయవచ్చు. కనుక చరిత్ర, రాజనీతిశాస్త్రం వంటి విషయాలలో తెలుగు మాధ్యమ విద్యార్థికి వెసులుబాటు ఉన్నది. భాషా పరీక్షగా ఇంగ్లీషును ఎంచుకున్నవారికి మాత్రం 60 నిమిషాలలో 50 ప్రశ్నలు, 250 మార్కులు. గద్యపఠనంతోపాటు పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, సరియైన పదం ఎంపిక, వాక్యభాగాల క్రమం ఇందులో నేటికీ అడుగుతున్నారు. పాతపద్ధతి కొంత నిలిచివున్న పరీక్ష ఇదే అయినా, ఇక్కడ కూడా కళాశాల గ్రంథాలలో తరచు కనిపించే పదాలే ప్రధానం.

విడిపదాల జాబితాలపై విశ్వాసం ఇంకా ఎందుకు సడలలేదన్న ప్రశ్నకు సమాధానం తెలుగువారి ఇటీవలి చరిత్రలో దొరుకుతుంది. అమెరికా పై చదువులకు జి.ఆర్.ఇ. రాసిన తరం హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో పదాల జాబితాలతోనే కుస్తీపట్టింది. నాటి పరీక్షకు అది తగిన పద్ధతే. జి.ఆర్.ఇ.లో సైతం అనాలజీలు, వ్యతిరేక పదాలు 2011లో తొలగిపోయాయి. అన్నలు, అక్కలు దాచి ఉంచిన పుస్తకాలు మాత్రం తమ్ముళ్ల చేతికి, చెల్లెళ్ల చేతికి వస్తూనే ఉన్నాయి.

ఏది ఉన్నత పదం?

ఉన్నత పదజాలమంటే ఎవరూ వినని పదాలని కాదు. విద్యావిషయక గ్రంథాలలో పదేపదే కనిపిస్తూ, నిత్య సంభాషణలో అంతగా వినిపించని పదాలు ఇవి. న్యూజిలాండ్ భాషాశాస్త్రవేత్త ఆవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన విద్యావిషయక పదపట్టిక ఇందుకు ఉపకరిస్తుంది. సుమారు 35 లక్షల పదాల గ్రంథసముదాయాన్ని పరిశీలించి, వివిధ శాస్త్రాలలో సమానంగా వాడుకలో ఉన్న 570 పదకుటుంబాలను ఆమె గుర్తించారు. విద్యావిషయక గ్రంథంలో ప్రతి నూరు పదాలలో దాదాపు పది ఈ 570 కుటుంబాలకు చెందినవే. "ఎస్టిమేట్", "ఇంటర్‌ప్రెట్", "హైపోథెసిస్", "అంబిగ్యుయస్", "కోహెరెంట్" వంటివి ఇందులో కనిపిస్తాయి. వాడుక తరచుదనాన్ని బట్టి పట్టికను పది భాగాలుగా విభజించినందున ఎక్కడ మొదలుపెట్టాలన్న సందేహం కూడా ఉండదు. రోజుకు రెండు కుటుంబాల చొప్పున చదివినా 285 రోజులలో పట్టిక పూర్తవుతుంది. ఒక విద్యాసంవత్సరంలో ఇమిడిపోయే పని ఇది.

ఈ పట్టిక కూడా జాబితాయే కదా అని ఆక్షేపించవచ్చు. భేదం ఏమంటే, ఇది ఏ పదాలను చదువులో గమనించాలో చెప్పే సూచిక. అర్థాలను ఎదురెదురుగా వేసి వల్లెవేయడానికి ఉద్దేశించింది కాదు. పైగా ఇంగ్లీషులో అత్యంత సాధారణమైన సుమారు రెండువేల పదకుటుంబాలు విద్యార్థికి ముందే తెలుసునన్న భావనపై ఇది ఆధారపడింది. ఆ పునాది లేనివారు ముందు దానిని పూర్తిచేసుకోవడం అవసరం.

ప్రశ్న ఏ విధంగా ఉంటుందో ఒక ఉదాహరణ ద్వారా గ్రహించవచ్చు. ఒక శాస్త్రవేత్త తన తొలి ఫలితాలను తుది నిర్ణయంగా తీసుకోరాదని, మరిన్ని పరీక్షలు జరగవలసి ఉన్నదని హెచ్చరించినట్లు గద్యభాగం చెబుతుంది. ఆమె నిర్ధారణలు ఎటువంటివన్న చోట ఖాళీ ఉంటుంది. "టెంటేటివ్", "డెఫినిటివ్", "ఎగ్జాస్టివ్", "రిడండెంట్" అనే నాలుగు పదాలు ఇస్తారు. తుది నిర్ణయం కాదన్న మాటే ఆధారం. తాత్కాలికమైన, ఖాయం కాని అనే అర్థంగల మొదటి పదం సరిపోతుంది. నాలుగు పదాల అర్థాలూ తెలిసి, గద్యంలోని ఆధారాన్ని గమనించని విద్యార్థి కూడా ఇక్కడ పొరబడతాడు. ఒక పదం తెలియకపోయినా ఆధారాన్ని పట్టుకున్న విద్యార్థి మిగిలిన మూడింటిని తొలగించి గట్టెక్కగలడు.

తెలుగు చదువు అడ్డంకి కాదు

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఉన్నత ఇంగ్లీషు పదాలు అందనివన్న అభిప్రాయం బలంగా నాటుకొని ఉన్నది. పదజాలం విషయంలో ఈ అభిప్రాయానికి ఆధారం తక్కువ. కఠిన పదంలో కాఠిన్యం రెండు రకాలు: భావం కొత్తది కావడం ఒకటి, పేరు కొత్తది కావడం మరొకటి. పదవ తరగతి వరకు తెలుగు వాచకం శ్రద్ధగా చదివిన విద్యార్థికి మొదటి కష్టం చాలావరకు తీరిపోయి ఉంటుంది. "ఇనెవిటబుల్" అనివార్యం, "ఎఫెమరల్" క్షణికం, "అబ్‌స్ట్రాక్ట్" అమూర్తం, "ఆల్ట్రూయిజం" పరోపకార బుద్ధి, "ఇండిఫరెంట్" ఉదాసీనం. ఈ తెలుగు మాటలు తెలిసిన విద్యార్థి నేర్వవలసింది పేరు మాత్రమే. అలంకారాల పాఠం చెప్పుకున్నవారికి "హైపర్‌బోలి" అంటే అతిశయోక్తి అనీ, "మెటఫర్" రూపకానికి సన్నిహితమనీ, "పారడాక్స్" విరోధాభాసమనీ ఒక్కసారి చెబితే చాలు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వెలువరించిన పారిభాషిక పదకోశాలు ఈ రెండు భాషల నడుమ సిద్ధంగా ఉన్న వంతెనలు. పోటీపరీక్షల అభ్యర్థులు వాటిని ఈ దృష్టితో చూడటం అరుదు.

పదనిర్మాణం విషయంలోనూ తెలుగు విద్యార్థికి అనుకూలతే ఉన్నది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అనే పదాలలో మూలం ఒకటే అయినా ముందు చేరిన ఉపసర్గ అర్థాన్ని ఎక్కడికో తీసుకుపోతుందని వ్యాకరణ పాఠంలో అతడు నేర్చుకున్నాడు. ఇంగ్లీషులో లాటిన్ మూలాలు ఇదే పని చేస్తాయి. చూచుట అనే అర్థంగల "స్పెక్ట్" మూలానికి లోనికి అనే ఉపసర్గ చేరితే "ఇన్‌స్పెక్ట్", అనగా తనిఖీ చేయుట. వెనుకకు చూచుట "రెట్రోస్పెక్ట్". చుట్టూ చూచుకొని అడుగువేసేవాడు "సర్కమ్‌స్పెక్ట్", అంటే ఆచితూచి వ్యవహరించేవాడు. "బెనె" మంచికి, "మల్" చెడుకు గుర్తులు. మన "సు", "దుర్" వంటివి. మేలు కోరేవాడు "బెనెవలెంట్", కీడు కోరేవాడు "మలెవలెంట్". శ్రేయోభిలాషి అనే మాట కట్టిన పద్ధతికీ, మొదటి పదం కట్టిన పద్ధతికీ తేడా లేదు.

అయితే మూలాలపై అతినమ్మకం కూడదు. పెట్రోలు ట్యాంకర్ల వెనుక రాసి ఉండే "ఇన్‌ఫ్లేమబుల్" అనే పదంలో "ఇన్" ఉన్నది కదా అని మండనిదని అర్థం చెప్పుకుంటే ముప్పే. అది సులభంగా మండేదని హెచ్చరిక. "ఇన్‌వాల్యుయబుల్" విలువలేనిది కాదు, వెలకట్టలేనిది. తెలుగులో అమూల్యం అన్న మాటకూ ఇదే తీరు ఉన్నదని గుర్తుచేస్తే విద్యార్థి మరచిపోడు.

తెలిసిన పదాలతోనే చిక్కు

పరీక్ష నిర్వాహకులు విద్యార్థి పఠనశక్తిని కొలిచేందుకు అపరిచిత పదాలకంటె పరిచిత పదాల రెండవ అర్థాన్నే ఎక్కువగా ఆశ్రయిస్తున్నారు. "అరెస్ట్" అనగానే పోలీసులు స్ఫురిస్తారు. భూసారం క్షీణించడాన్ని "అరెస్ట్" చేయడమంటే అరికట్టడం. "ఛాంపియన్" విజేత మాత్రమే కాదు. ఒక ఆశయాన్ని "ఛాంపియన్" చేయడమంటే దాని పక్షాన గట్టిగా నిలబడటం. ఒక ప్రకటనను "క్వాలిఫై" చేయడం అర్హత సాధించడం కాదు, దానికి పరిమితులు చేర్చడం. "టెంపర్" కోపాన్ని సూచించే నామవాచకంగా తెలుగు మాటల్లోకి వచ్చింది. గద్యంలో క్రియగా కనిపిస్తే మెత్తబరచడం, తీవ్రత తగ్గించడం అని గ్రహించాలి.

కార్యాలయాలలో నిత్యం వాడే పదాలకూ ఈ గుణం ఉన్నది. "శాంక్షన్" అనే మాట దస్త్రంలో మంజూరు, అంతర్జాతీయ వార్తలలో ఆంక్ష. ఒకే పదానికి దాదాపు ఎదురెదురు అర్థాలు. శాసనసభలో పత్రాన్ని "టేబుల్" చేయడమంటే మనదేశంలో సభ ముందుంచడం. అమెరికాలో చర్చను పక్కనపెట్టడం. శాట్ రాసే విద్యార్థి రెండవ అర్థాన్నీ, క్లాట్ రాసే విద్యార్థి మొదటి అర్థాన్నీ దృష్టిలో ఉంచుకోవలసి వస్తుంది.

పర్యాయపదాలు అచ్చంగా సమానార్థకాలని భావించడం మరొక పొరపాటు. "థ్రిఫ్టీ", "స్టింజీ" రెండూ డబ్బు ఖర్చుపెట్టనివారికి వర్తిస్తాయి. ఒకరు పొదుపరి, మరొకరు పిసినారి. "ఫేమస్", "నొటోరియస్" పదాల మధ్య ప్రఖ్యాతికీ, అపఖ్యాతికీ ఉన్నంత దూరం ఉన్నది. రచయిత మెచ్చుకుంటున్నాడా, ఎత్తిపొడుస్తున్నాడా అన్నది ఈ ఛాయలలోనే తెలుస్తుంది. జాబితాలో పదం పక్కన ఒకే అర్థం ఉంటుంది కనుక ఈ ఛాయ అక్కడ కనబడదు.

గుర్తుండే విధానం

జర్మన్ మనోవిజ్ఞానవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, నేర్చినదానిలో అధికభాగం మొదటి ఒకటి రెండు రోజులలోనే మరపునకు వస్తుంది. వ్యవధి ఇచ్చి పునశ్చరణ చేస్తే నిలుస్తుంది. ఒకే రోజు యాభై పదాలు చదివి మరల చూడకపోవడంకంటె, ఐదు పదాలు చదివి మరునాడు, మూడవ రోజు, వారం, మూడు వారాల తరువాత తిరగవేయడం మేలు. దీనికి ఖరీదైన సాధనాలు అక్కరలేదు. పాత చెప్పుల పెట్టెలో అట్టముక్కలతో ఐదు అరలు చేసి, పదాల చీట్లు వేసుకుంటే సరిపోతుంది. గుర్తున్న పదం తరువాతి అరలోకి వెళుతుంది, మరచినది మొదటి అరకు తిరిగివస్తుంది. మొదటి అరను ప్రతిరోజూ, చివరి అరను నెలకొకసారి చూస్తారు. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1970లలో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతినే నేటి మొబైల్ అప్లికేషన్లు అనేకం అనుసరిస్తున్నాయి.

చీటీపై పదం, అర్థం మాత్రమే రాస్తే జాబితాకూ దానికీ భేదం ఉండదు. పదం ఎదురైన అసలు వాక్యం, దాని కుటుంబంలోని ఇతర రూపాలు, తెలుగులో దగ్గరి మాట, విద్యార్థి తాను కట్టిన వాక్యం ఒకటి రాయాలి. స్వంత వాక్యం దగ్గరే అందరూ బద్ధకిస్తారు. పదం పట్టుబడేది అక్కడే. తప్పొప్పులు సరిచూసుకొనేందుకు, 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువడి నేటికీ కొత్త ముద్రణలు పొందుతున్న అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ వంటి అభ్యాసకుల నిఘంటువు తగినది. తేలిక ఇంగ్లీషులో అర్థం, పక్కనే ఉదాహరణ వాక్యం ఇవ్వడం అటువంటి నిఘంటువుల ప్రత్యేకత.

ఉచితంగా లభించే పఠనసామగ్రి

రెండు భాషలలో ఒకే విషయాన్ని పక్కపక్కన చదవడం తెలుగు విద్యార్థికి అన్నింటికంటె అనువైన మార్గం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి దశలవారీగా ప్రవేశపెట్టిన ద్విభాషా పాఠ్యపుస్తకాలలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. తరగతి మారగానే ఆ పుస్తకాలను వదిలివేయకుండా ఇంటర్మీడియట్ విద్యార్థులు సాంఘిక, సామాన్య శాస్త్రాల పాఠాలను తిరిగి చదివితే శాస్త్ర పదజాలం రెండు భాషలలోనూ స్థిరపడుతుంది. కేంద్ర ప్రచురణల విభాగం వెలువరించే యోజన మాసపత్రిక ఇంగ్లీషు, తెలుగు సంచికలను శాఖా గ్రంథాలయాలలో జతగా ఉంచితే ఈ అవసరం తీరుతుంది. న్యాయవిద్య ఆశించేవారికి సుప్రీంకోర్టు తీర్పుల తెలుగు అనువాదాలు 2019 నుంచి అందుబాటులోకి వచ్చాయి. మూల తీర్పును, అనువాదాన్ని కలిపి రోజుకు రెండు పేరాలు చదివినా క్లాట్ గద్యభాగాల భాష అలవడుతుంది. తీర్పుల వాక్యాలు సుదీర్ఘమైనవి. మొదటి వారం విసుగు పుట్టించడం సహజం.

దినపత్రికల సంపాదకీయాలను సైతం ఇదే పద్ధతిలో వినియోగించుకోవచ్చు. ముందు నిఘంటువు ముట్టకుండా పూర్తిగా చదవాలి. తెలియని పదాల అర్థాన్ని వాక్యాన్ని బట్టి ఊహించి పెన్సిలుతో రాయాలి. ఆపై మాత్రమే నిఘంటువు తెరవాలి. పరీక్ష గదిలో నిఘంటువు ఉండదు కాబట్టి ఊహించే అలవాటే అక్కడ తోడు.

ఊహకూ, గుడ్డిగా గురిపెట్టడానికీ తేడా మార్కులలో కనిపిస్తుంది. సి.యు.ఇ.టి.లో సరియైన సమాధానానికి ఐదు మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత. క్లాట్‌లో ఒక మార్కు, పావు మార్కు కోత. శాట్‌లో 2016 నుంచి కోత లేదు. నాలుగు ఎంపికలలో రెండింటిని సందర్భం ఆధారంగా తొలగించగలిగితే, సి.యు.ఇ.టి.లో అటువంటి ప్రతి ప్రశ్నకు సగటున రెండు మార్కులు, క్లాట్‌లో మూడు ఎనిమిదో వంతుల మార్కు లాభం. కనుక అర్థం సగమే తెలిసిన పదం ఉన్నదని ప్రశ్నను వదిలివేయడం నష్టమే.

క్లాట్ ఇటీవలి సంవత్సరాలలో డిసెంబరులో జరుగుతున్నది, సి.యు.ఇ.టి. సాధారణంగా మే, జూన్ నెలల్లో ఉంటుంది. ద్వితీయ సంవత్సరం ఇంటర్మీడియట్ జూన్‌లో తయారీ ఆరంభించే విద్యార్థికి మొదటి పరీక్షకు ఆరు నెలలు, రెండవదానికి పదకొండు నెలలు ఉంటాయి. 570 కుటుంబాల పట్టికకు పదకొండు నెలలు సరిపోతాయి. ఆరు నెలల్లో ముగించాలంటే రోజుకు మూడు కుటుంబాలకు మించి చదవవలసి ఉంటుంది, పునశ్చరణకు వ్యవధి మిగలదు. న్యాయవిద్య లక్ష్యంగా గలవారు ప్రథమ సంవత్సరంలోనే పెట్టెలో మొదటి చీటీ వేయవలసి ఉంటుంది.